ముల్లు అనే అక్షరం

(ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి నాడు వజ్రపుకొత్తూరులో చేసిన స్మారకోపన్యాసం)



గిడుగు వారి పేరున జరిగే సభలో తెలుగు గురించి మాట్లాడడం ఆనవాయితీ. నేను ఇవాళ ఎక్కువసేపు ఇంగ్లీషు గురించి మాట్లాడతాను. అదీ ఇంగ్లీషు స్పెల్లింగు గురించి. పంతులుగారు జన్మంతా పట్టుకున్న ప్రశ్న నోటికీ రాతకీ నడుమ ఉన్న ఎడం. ఆ ఎడం ఎక్కడ మొదలై ఎలా పెరుగుతుందో చూడాలంటే ఇంగ్లీషు రాత పుట్టిన రోజుల దాకా వెళ్లాలి. అయితే బయలుదేరేది మాత్రం మన ఊరి నుంచే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఈ తీరం మీద పడిన తుపానును మీరెవరూ మరిచిపోలేదు. తాతల నాటి కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఒక్క పూటలో పడిపోయాయి. ఆ తుపాను పేరు మన దగ్గరికి ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది: టి, ఐ, టి, ఎల్, ఐ. ఒకరు తిత్లీ అని రాశారు, ఒకరు టిట్లీ అన్నారు. హిందీలో ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం, అందులో రెండూ ‘త’లే. ఇంగ్లీషు టి అనే అక్షరానికి త, ట తేడా తెలియదు. మన ఉద్దానం ప్రాంతాన్ని నేలకూల్చిన గాలిని ఏమని పిలవాలో కూడా ఆ ఒక్క అక్షరం మనకు సరిగ్గా చెప్పలేకపోయింది.

మన ఊరి పేరే తీసుకోండి. పలాస నుంచి వస్తుంటే దారిలో బోర్డులు చదువుకుంటూ వచ్చాను. ఒకచోట కొత్తూరుకు రెండు టీలు వేశారు. ఒకచోట టి, హెచ్ వేశారు. ఎక్కడ ఏది తప్పని అడిగితే నేను చెప్పలేను. పందొమ్మిదో శతాబ్దంలో హంటర్ అనే అధికారి పేరున స్థిరపడిన ప్రభుత్వ పద్ధతిలో త అన్నా ట అన్నా టీయే, ట కింద చుక్క పెట్టాలి. రోజువారీ వాడకంలో చుక్క ఎవరూ పెట్టరు. అందుకని మనవాళ్లు ఎవరూ నేర్పకుండానే తమకొక పద్ధతి ఏర్పరచుకున్నారు. ట కి టి, త కి టి-హెచ్. సీతలు, గీతలు, కొత్తూర్లు అన్నీ అలా వచ్చినవే. ఉత్తరాది వాళ్లు ఆ టి-హెచ్ చూసి ‘కొథూరు’ అని చదివితే మనకు నవ్వొస్తుంది. కానీ వాళ్లదీ తప్పు కాదు, మనదీ తప్పు కాదు. ఆ రెండక్షరాల జంట వెనక రెండువేల ఏళ్ల నడక ఉంది.

ఆ నడక గ్రీకు దగ్గర మొదలైంది. ప్రాచీన గ్రీకులో థీటా అనే అక్షరం ఉండేది. దాని తొలి ఉచ్చారణ మన ‘థ’ లాంటిదే, ఊపిరి కలిసిన త. రోమన్లకు ఆ ధ్వని లేదు, అక్షరమూ లేదు. గ్రీకు మాటలు లాటిన్లో రాయాల్సి వచ్చినప్పుడు టి పక్కన ఊపిరికి గుర్తుగా హెచ్ పెట్టారు. కాలం గడిచి గ్రీకుల నోట ఆ థ కరిగి, నాలుక పళ్ల మధ్య పెట్టి ఊదే ధ్వనిగా మారింది. టి-హెచ్ జంట మాత్రం కాగితం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఇంగ్లీషువాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది క్రైస్తవ సన్యాసులు.

అంతకు ముందు ఇంగ్లీషుకు రాత లేదనుకోకండి, ఉంది. రూన్లు అంటారు. చెక్క మీద, ఎముక మీద, రాయి మీద చెక్కే అక్షరాలు. నార్‌ఫోక్‌లో కాయిస్టర్ అనే చోట, చితాభస్మం పోసిన కుండలో, ఒక లేడి చీలమండ ఎముక దొరికింది. అయిదో శతాబ్దం నాటిది. దాని మీద ‘రైహన్’ అని గీసి ఉంది. లేడిది అని అర్థం చెబుతారు. ఇంగ్లండు నేల మీద ఇంగ్లీషు పుట్టిన భాషల కుటుంబానికి దొరికిన తొలి రాతల్లో అదొకటి. ఎవరో ఒక మనిషి ఎముకను చేతిలోకి తీసుకుని, ఇది దేనిదో దాని మీదే రాశాడు. బడిలో పిల్లవాడు పలక మీద ‘పలక’ అని రాసినట్టు.

రూన్లలో అడ్డగీతలు ఉండవు. చెక్క నారల వెంట గీత గీస్తే అది నారలో కలిసిపోతుంది కాబట్టి అన్నీ నిలువు గీతలు, ఏటవాలు గీతలు. మన తాతలు తాటాకు మీద గంటంతో రాసేవాళ్లు. ఆకు నార వెంట గీస్తే చిరిగిపోతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయని చెబుతారు. రాసే వస్తువును బట్టి అక్షరానికి ఒళ్లు వస్తుంది.

రూన్లలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. ప్రతి అక్షరానికీ పేరుండేది, ఆ పేరుకు అర్థముండేది. ఒకదాని పేరు పశుసంపద, ఒకదాని పేరు సవారీ. ఒకదాని పేరు థార్న్, అంటే ముల్లు. నిలువు గీతకు పక్కన పొడుచుకొచ్చిన మొన. పళ్ల మధ్య నాలుక పెట్టి ఊదే ఆ ధ్వనికి గుర్తు అదే.

597లో రోము నుంచి అగస్టిన్ అనే సన్యాసి కెంట్‌లో దిగాడు. లాటిన్ అక్షరాలు అక్కడ వేళ్లూనుకోవడం అప్పటి నుంచే. కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ చట్టాలు ఇంగ్లీషులో మనకు తెలిసిన తొలి గ్రంథం. 597 అన్న ఆ సంవత్సరం చదివిన ప్రతిసారీ నాకు కడప జిల్లా కలమళ్ల గుర్తొస్తుంది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు తెలుగులో వేయించిన శాసనం సుమారు 575 నాటిది. ఎంత దగ్గరి కాలమో చూడండి! అటు ఇంగ్లీషు, ఇటు తెలుగు, రెండూ అరువు తెచ్చుకున్న లిపిలో తమ నోటి మాటను ఇరికించే పనిలో ఉన్నాయి. మనకు బ్రాహ్మి నుంచి వచ్చిన అక్షరాలు, వాళ్లకు రోము అక్షరాలు. పరాయి చొక్కా ఎక్కడో ఒకచోట బిగుతుగా ఉంటుంది.

ఇంగ్లీషుకు బిగుతైన చోటుల్లో ఒకటి ఈ ముల్లు ధ్వనే. లాటిన్లో దానికి అక్షరం లేదు. మొదటి సన్యాసులు టి-హెచ్ అనే రోమన్ జంటతో సరిపెట్టారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎంతో చక్కని పని చేశారు. తమ తాతలు ఎముకల మీద చెక్కిన ముల్లు రూనును తీసుకొచ్చి లాటిన్ అక్షరాల వరసలో కూర్చోబెట్టారు. విన్ అనే మరో రూనును ‘వ’ కోసం తెచ్చారు. మతం మారింది, లిపి మారింది, కాని పాత అక్షరాలు రెండు కొత్త బైబిలు పేజీలో మిగిలాయి. ఆల్‌ఫ్రెడ్ రాజు 899లో చనిపోయేనాటికి ఆ దేశంలో తన భాషలో గట్టిగా వచనం రాసే అలవాటు స్థిరపడింది. తర్వాతి వందేళ్లలో విన్‌చెస్టర్ చుట్టూ ఒకే రకమైన స్పెల్లింగు కూడా ఏర్పడింది. అప్పటి ఇంగ్లీషులో పలకని అక్షరం దాదాపు లేదు. రాసిందల్లా పలికేవాళ్లు.

ఇక్కడ నా చిన్ననాటి ఒక సంగతి చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉండగా మా మాస్టారు కత్తికి స్పెల్లింగు అడిగారు. ‘నైఫ్’ అని వినపడింది కాబట్టి ఎన్ తో మొదలుపెట్టాను. చేతి మీద రెండు దెబ్బలు పడ్డాయి. “పలకనప్పుడు కె ఎందుకు రాయాల మాస్టారూ?” అన్నాను. మూడోది పడింది. ఆ మాస్టారికీ ఎవరూ చెప్పి ఉండరు. చెప్పి ఉంటే ఆయన నాకు చెప్పేవారే.

ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు తెలుసు. స్కాండినేవియా నుంచి వచ్చిన ఆ మాటను ఇంగ్లీషువాళ్లు ‘క్నీఫ్’ అని స్పష్టంగా కె తో పలికేవాళ్లు. మోకాలిని ‘క్నేవ్’ లాగా పలికేవాళ్లు. జర్మన్లు ఇవాళ్టికీ మోకాలిని ‘క్నీ’ అనే అంటారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ల నోట ఆ కె నెమ్మదిగా జారిపోయింది. అప్పటికే అచ్చు పుస్తకాలు దాన్ని పట్టుకున్నాయి, వదల్లేదు.

మనకు ఇది వింతగా ఉండాల్సిన పని లేదు. కారా మాస్టారి ‘యజ్ఞం’ కథ చదవని వాళ్లు ఈ జిల్లాలో అరుదు. ఆ పేరును మనమంతా ‘యగ్నం’ అనే అంటాం. జకారం కింద ఞకారం రాస్తాం, నోట గ, న వస్తాయి. జ్ఞానం రాస్తాం, గ్నానం అంటాం. ఏ మాస్టారూ ఇందుకు మనల్ని కొట్టలేదు. ఇంకా గొప్ప సంగతి ఉంది. ‘తెలుసు’ అనడానికి ఇంగ్లీషులో కె, ఎన్, ఓ, డబ్ల్యు అని రాసి ‘నో’ అంటారు కదా. పాత ఇంగ్లీషులో అది ‘క్నావన్’. సంస్కృతంలో ‘జ్ఞా’ అనే ధాతువు. ఈ రెండూ ఒక తల్లి బిడ్డలు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతానికీ, గ్రీకుకూ, లాటిన్‌కూ చుట్టరికం ఉందని ప్రకటించిన తర్వాత తరతరాల పండితులు తవ్వి తీసిన కుటుంబ వృక్షంలో ఈ కొమ్మ తిరుగులేనిది. నా చేత దెబ్బలు తినిపించిన కె లాంటిదే ఆ మాటలోనూ పలకకుండా కూర్చుంది. అది మన జ్ఞానంలోని జ్ఞ కి తోబుట్టువు. ఇంగ్లీషులో దాన్ని పలకరు, మన దగ్గర వేరేగా పలుకుతారు, కాగితం మాత్రం రెండు చోట్లా గుర్తుపెట్టుకుంది.

‘పేరు’ అనే మాట చూడండి. పాత ఇంగ్లీషులో ‘నమ’, కొన్నాళ్లకు ‘నామ’ అన్నట్టు పలికారు. మన నామమే. ఇప్పుడు ‘నేమ్’ అంటారు. 1400 నుంచి 1700 వరకు ఆ దేశంలో దీర్ఘాచ్చులన్నీ నోట్లో ఒక్కో మెట్టు జరిగాయి. ఆ రావాల్సిన చోట ఏ, ఈ రావాల్సిన చోట ఐ. రాత కదల్లేదు. మన పిల్లలు ఎ అనే అక్షరం చూసి ‘ఆ’ అని చదివితే వాళ్లు తప్పు చదవడం లేదు, ఆరువందల ఏళ్ల నాటి ఇంగ్లీషువాడిలా చదువుతున్నారు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1066లో నార్మన్ల రాజ్యం వచ్చాక రాతగాళ్లు మారారు. ఫ్రెంచి అలవాటున్న చేతులు ఇంగ్లీషు మాటలను తమ తీరులో రాశాయి. రాణి అనే అర్థమున్న ‘క్వీన్’ మాటలో సి-డబ్ల్యు పోయి క్యు-యు వచ్చింది. అలాంటివి చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను. ఆ గందరగోళంలో నిలబడిన ఒక్క మనిషి గురించి మాత్రం చెప్పాలి. పన్నెండో శతాబ్దంలో తూర్పు ఇంగ్లండులో ఆర్మ్ అనే సన్యాసి ఉండేవాడు. చర్చిలో చదివే పాఠాలను జనం భాషలో పద్యాలుగా రాశాడు. చదివేవాళ్లు తప్పు పలుకుతారేమోనని భయపడి, అచ్చు పొట్టిగా పలకాల్సిన చోట తర్వాతి హల్లును రెండుసార్లు రాసే నియమం పెట్టుకున్నాడు. సుమారు 19 వేల పంక్తులు మిగిలాయి. ఆ పొడవునా ఆ నియమం దాదాపు తప్పలేదు. నా పుస్తకం ఎత్తి రాసేవాళ్లు దయచేసి రెండక్షరాలూ రాయండి అని ముందే వేడుకున్నాడు. ఆ పుస్తకాన్ని ఎవరూ ఎత్తి రాసినట్టు లేదు. ఆయన స్వహస్తంతో రాసిన ఒక్క ప్రతే ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది.

ఆర్మ్ గురించి చదివినప్పుడల్లా నాకు పంతులుగారు కళ్లముందు నిలబడతారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడి బడిలో మాస్టారుగా చేరిన మనిషి. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను ఎవరూ నేర్పకుండా తానే కూడబలుక్కుని చదివిన మనిషి. మన నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేశారు. ఆ దారి కొండల అంచునే పోతుంది, ఆ కొండల్లో సవరలు అనే గిరిజనులు ఉన్నారు. పంతులుగారు సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. మన్యం జ్వరానికి మింగిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. ధ్వనులను పట్టుకోవడానికి కొండెక్కిన మనిషి వినికిడినే అక్కడ పోగొట్టుకున్నారు. ఇది తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

కెంట్‌లో దిగిన సన్యాసుల ముందు ఏ ఇబ్బంది ఉందో పంతులుగారి ముందూ అదే ఉంది. సవరలో మాట మధ్యన గొంతు టక్కున మూసుకుని తెరుచుకునే ధ్వని ఒకటి ఉంది. దానికి తెలుగులో అక్షరం లేదు, రోమన్‌లో లేదు. దీర్ఘాలదీ రోమన్‌లో అలాంటి ఇబ్బందే. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన ఆయన సవర వ్యాకరణం పేరు పేజీ చూడండి. సవరకే మరో పేరైన ‘సోరా’ అన్న మాటను రోమన్ అక్షరాల్లో వేసి, ఓ పక్కన ఒకసారి, ఎ పక్కన ఒకసారి, నిలువుగా రెండేసి చుక్కలు పెట్టారు. అక్కడ దీర్ఘం తీయాలని గుర్తు. ఆర్మ్ హల్లు రెట్టించాడు, ఈయన చుక్కలు పెట్టారు. చదివేవాడి నోట మాట చెడకూడదన్న తాపత్రయం ఇద్దరిదీ ఒకటే. పంతులుగారి దగ్గర ఇంకొకటి ఎక్కువ ఉంది: ఆ భాష తనది కాదు.

ఇంగ్లీషు స్పెల్లింగు గడ్డకట్టడం విలియం కాక్స్‌టన్ అచ్చుయంత్రంతో మొదలైంది. 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో దాన్ని పెట్టాడు. అచ్చు దిమ్మలు యూరప్ నుంచి వచ్చేవి, వాటిలో ముల్లు అక్షరం ఉండేది కాదు. దాని బదులు పోలిక దగ్గరగా ఉందని వై వేశారు, మరికొన్నిచోట్ల పాత టి-హెచ్ మళ్లీ వచ్చింది. కొన్ని తరాల్లో ముల్లు పోయింది. ఐస్‌లాండు భాష దాన్ని ఇప్పటికీ ఉంచుకుంది.

కాక్స్‌టన్ 1490లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో గుడ్ల కథ ఒకటి చెప్పాడు. కొందరు వర్తకులు కెంట్ తీరంలో గాలి లేక ఆగిపోయారు. ఒకడు ఒక ఇంటికెళ్లి గుడ్లు అడిగాడు, తన ప్రాంతపు మాటలో. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదంది. అతను అడిగింది ఇంగ్లీషులోనే. పక్కవాడు దక్షిణాది మాటలో అడిగితే అప్పుడు అర్థమైంది. వీటిలో ఏ మాట అచ్చువేయాలని కాక్స్‌టన్ బాధపడ్డాడు.

ఈ బాధ మనకు కొత్తది కాదు. మా అమ్మ ‘నాను’ అనేది, పుస్తకంలో ‘నేను’ ఉండేది. ‘ఏటి’ అనేది, పుస్తకంలో ‘ఏమిటి’. పిల్లల్ని ‘గుంటలు’ అనేది. పంతులుగారు గెలిపించింది చదువుకున్నవాళ్ల వాడుక భాషను. శిష్ట వ్యావహారికం అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవానికి కొలత లేదు. అయినా ఈ సభలో ఒక మాట అనకపోతే నేను నిజం చెప్పినవాణ్ని కాను. గ్రాంథికం గోడ పడిపోయాక కూడా మా అమ్మ ‘నాను’ పత్రికల్లోకి, పాఠాల్లోకి రాలేదు. కథకులు తెచ్చారు, కొటేషన్ గుర్తుల మధ్య, పాత్రల నోట. నేను ఈ ఉపన్యాసం రాసుకున్నప్పుడు కూడా ‘నేను’ అనే రాసుకున్నాను. చేతికి అలవాటైపోయింది.

అరసున్న గుర్తుందా? పెద్దవాళ్లకు గుర్తుంటుంది. వాఁడు, మూఁడు. మధ్యలో సగం చుట్ట. ఒకప్పుడు అక్కడ పూర్తి సున్న పలికేవాళ్లు, అరవంలో మూడును ఇవాళ్టికీ ‘మూన్ఱు’ అనే రాస్తారు. మన నోట సున్న కరిగిపోయింది, రాతలో సగం మిగిలింది. అది మన పలకని కె. పంతులుగారి తరం పోరాడిన తర్వాత మనం దాన్ని తీసేశాం. బండి ఱ ను తీసేశాం. తీసేసినందుకు నాకు విచారం లేదు, లక్షల మంది పిల్లలకు దెబ్బలు తప్పాయి. కానీ ఇప్పుడు ‘మూడు’ అన్న మాట చూసి దానికీ అరవం మూడుకూ చుట్టరికం ఉందని పిల్లలు ఊహించలేరు. ఇంగ్లీషువాళ్లు చుట్టరికాన్ని ఉంచుకుని పిల్లల్ని కష్టపెట్టారు. మనం పిల్లలకు సుఖమిచ్చి చుట్టరికాన్ని మరిచాం. ఆ చుట్టరికం కథ చెప్పడమైనా బడిలో మన పని కావాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. పంతులుగారు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడు గుణుపురం ప్రాంతపు మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపి తయారుచేశాడు. సోరా సోంపెంగ్ అంటారు. దానిలో 24 అక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కో సవర దేవత పేరున ఉంది. పాత రూన్ల తొలి వరసలో కూడా 24 అక్షరాలే, వాటికీ పేర్లున్నాయని చెప్పాను. ఒకరినొకరు ఎరగని ఇద్దరు జనాలు ఒకే దారిన ఆలోచించారు. పంతులుగారు బయటినుంచి ఎంత ప్రేమతో చుక్కలు పెట్టినా, ఆ జనంలోంచే ఒకడు లేచి అక్షరానికి తన దేవత పేరు పెట్టడం వేరు. 2012లో ఆ లిపి యూనికోడ్‌లోకి వచ్చింది. ఇప్పుడు సవర పిల్లవాడు దాన్ని ఫోన్లో కొట్టగలడు.

మళ్లీ కొత్తూరు బోర్డు దగ్గరికి వస్తాను. కొత్త, ఊరు కలిసి కొత్తూరు. ఇంగ్లండులో ‘న్యూటన్’ అనే ఊళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. కొత్త అనే మాటకు ‘టూన్’ చేరింది. టూన్ అంటే కంచె వేసుకున్న చోటు, ఊరు. అంటే న్యూటన్ అన్నా కొత్తూరే. మన కొత్తూరు బోర్డు మీది టి-హెచ్ గ్రీకువాడి థ, సన్యాసి ముల్లు, ఉద్దానం పిల్లవాడి త.

ఇందాక సభకు వస్తూ ఆ బోర్డు కింద ఆటో ఆగితే, సైకిలు మీదున్న ఒక అమ్మాయిని అడిగాను, పైన ఏం రాసుందమ్మా అని. తలెత్తి చూసింది. అక్షరాలు కూడబలుక్కోలేదు. ఒక్క ఊపులో వజ్రపుకొత్తూరు అంది, త మీద ఒత్తుతో సహా.